శ్రీకాకుళం జిరాక్స్ షాపుల్లో దొరికే ‘మధ్యయుగ క్రైస్తవులు–ముస్లింలు’ నోట్సు: ఏ పేజీలు నమ్మొచ్చు, ఏవి దిద్దుకోవాలి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లోనూ, విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు ఒకటి రెండు చోట్లా ఈ స్పైరల్ నోట్సు అమ్ముతున్నారు. నీలం అట్ట, ఏ4 సైజు, 212 పేజీలు, రెండువైపులా ప్రింటు, ధర 260 రూపాయలు. రాసింది ఎవరో ఎక్కడా వేయలేదు. డిగ్రీ, పీజీలో చరిత్ర తీసుకున్న పిల్లలు, బళ్లలో సోషల్ చెప్పేవాళ్లు ఎక్కువగా కొంటున్నారు. ఏడో శతాబ్దం నుంచి 1492 దాకా క్రైస్తవ, ముస్లిం రాజ్యాల సంబంధాలు ఇంత సరుకుతో తెలుగులో ఒక్కచోట దొరకడం అరుదు. అందుకే పేజీ పేజీ పట్టి చూడాల్సిన నోట్సు ఇది.

మొత్తం ఏడు అధ్యాయాలు, ఐదు మ్యాపులు, ఒక తేదీల పట్టిక, చివర వంద బిట్లు. పన్నులు, ఒప్పందాలు, వర్తకం గురించిన పేజీలు నిజంగా బాగున్నాయి. యుద్ధాల అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి రాసిన చెయ్యే మారిపోయిందేమో అన్నంత తేడా. అక్కడ చరిత్ర కాస్తా స్కోరు బోర్డు అయిపోయింది. ధర మాట తర్వాత, ముందు పెన్ను పట్టుకుని దిద్దాల్సినవి చూద్దాం.

అన్నిటికంటే ముందు 9వ పేజీలోని తేదీల పట్టిక. హిజ్రీ (ముస్లిం పంచాంగం) సంవత్సరానికి 622 కలిపితే క్రీస్తుశకం వస్తుందని పట్టిక పైనే సూత్రం వేశారు. ఇది తప్పు. హిజ్రీ సంవత్సరం చాంద్రమానం, 354 రోజులది. మన సూర్యమాన సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు తక్కువ కాబట్టి ప్రతి 32 ఏళ్లకూ హిజ్రీ లెక్క ఒక ఏడాది ముందుకు పోతుంది. తొలి ఏళ్లలో ఈ తేడా కనబడదు, ఐదారు వందల ఏళ్లు గడిచాక కొంప ముంచుతుంది. ఈజిప్టు సుల్తాన్ సలాహుద్దీన్ జెరూసలేం క్రైస్తవ రాజ్య సైన్యాన్ని ఓడించిన హత్తీన్ యుద్ధం హిజ్రీ 583లో జరిగింది. వీళ్ల సూత్రం ప్రకారం 1205 వస్తుంది. పట్టికలో అదే వేశారు: “1205, సలాహుద్దీన్ విజయం”. దానికి పైన ఇంకో వరుసలో, వేరే పుస్తకం నుంచి ఎత్తి రాసినట్టుంది, “1187, హత్తీన్” అని సరైన తేదీ కూడా ఉంది. సలాహుద్దీన్ 1193 మార్చిలోనే దమాస్కస్‌లో చనిపోయాడు. పోయిన పన్నెండేళ్లకు గెలిపించారు పాపం.

దిద్దుకోవడం తేలికే. హిజ్రీ అంకెను 0.97తో గుణించి 622 కలపండి. 583ని గుణిస్తే 565.5, దానికి 622 కలిపితే 1187.5. అసలు తేదీ 1187 జూలై 4. ఈజిప్టు సైన్యం మంగోలులను ఓడించిన ఐన్ జాలూత్ యుద్ధం హిజ్రీ 658: లెక్క 1260.3, యుద్ధం 1260 సెప్టెంబరులో. స్పెయిన్‌లో ఆఖరి ముస్లిం రాజ్యం గ్రనడా లొంగిపోయింది హిజ్రీ 897లో: లెక్క 1492.1, అసలు తేదీ 1492 జనవరి 2. ఈ సూత్రం సంవత్సరాన్నే పట్టిస్తుంది. నెల తేల్చాలంటే పూర్తి పట్టిక చూడాల్సిందే, ఒక ఏడాది అటూ ఇటూ కూడా కావచ్చు. వెనక్కి లెక్క వేయాలంటే 622 తీసేసి 0.97తో భాగించాలి. మన శ్రీకాకుళం జామియా మసీదును షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించింది 1641లో. అందులోంచి 622 తీస్తే 1019, భాగిస్తే 1050.5, అంటే హిజ్రీ 1050 లేదా 1051. పిల్లలకు లెక్క నేర్పడానికి ఊళ్లోనే ఉదాహరణ ఉండగా నోట్సువాళ్లకు తట్టలేదు. పట్టికలో క్రీస్తుశకం 900 తర్వాత ఉన్న తేదీలన్నీ ఒకసారి ఈ సూత్రంతో సరిచూసుకోండి. పదకొండు చోట్ల తప్పులున్నాయి.

ఇక 118వ పేజీ నుంచి సాగే ‘గెలుపు ఓటములు’ పట్టిక. ఎడమ గడిలో క్రైస్తవులు, కుడి గడిలో ముస్లింలు, మధ్యలో యుద్ధం పేరు. చూడ్డానికి నీటుగా ఉంటుంది, పరీక్ష ముందురోజు బట్టీకి పనికొస్తుంది కూడా. చిక్కేమిటంటే ఆ రెండు గడుల్లో పట్టని యుద్ధాలే ఆ కాలాన్ని అర్థం చేయిస్తాయి. 1108లో తెల్ బాషిర్ దగ్గర జరిగిన పోరు చూడండి. ఒకవైపు అంతియొకయ క్రైస్తవ పాలకుడు టాంక్రెడ్, అతనికి తోడు అలెప్పో ముస్లిం అమీరు రిద్వాన్. ఎదురుగా ఎడెస్సా క్రైస్తవ కౌంటు బాల్డ్విన్, అతనికి తోడు మోసుల్‌ను ఏలిన ముస్లిం జవాలీ. రెండు పక్షాల్లోనూ రెండు మతాలవాళ్లూ ఉన్నారు. దీన్ని ఏ గడిలో వేస్తారు? నోట్సువాళ్లు వేయలేక ఒగ్గేశారు. 1244 లా ఫోర్బీ యుద్ధాన్ని మాత్రం కుడి గడిలో వేసేశారు. ఆ రోజు జెరూసలేం రాజ్య సైన్యం పక్కన నిలబడి పోరాడింది దమాస్కస్, హోమ్స్ సేనలు. గెలిచింది ఈజిప్టు, దానితో కలిసిన, మధ్య ఆసియా నుంచి వచ్చిన ఖ్వారజ్మీ గుర్రపు దళాలు. ఓడినవాళ్లలో ముస్లిం అమీర్లు ఉన్నారని పట్టికలో ఎక్కడా లేదు.

ఇంకా విడ్డూరం 1204. కాన్‌స్టాంటినోపుల్ మీద పడి దోచుకున్నది నాలుగో క్రూసేడు (పుణ్యభూమి కోసం పశ్చిమ ఐరోపా క్రైస్తవులు చేసిన దండయాత్రల్లో నాలుగోది) సైన్యం, దోపిడీకి గురైంది తూర్పు క్రైస్తవుల రాజధాని. దాన్ని ఎడమ గడిలో ‘క్రైస్తవుల విజయం’ అని వేశారు. ఎవరి మీద విజయమో రాయలేదు. 1148లో రెండో క్రూసేడు దమాస్కస్‌ను ముట్టడించిందని రాశారు గానీ, దమాస్కస్ అప్పటిదాకా అలెప్పో, మోసుల్ ఏలిన జెంగీ వంశానికి భయపడి జెరూసలేంతో ఒప్పందంలో ఉన్న ఊరని చెప్పలేదు. ఆ సంగతి తెలియకపోతే నాలుగు రోజుల్లో ముట్టడి ఎత్తేసి వెళ్లిన ఆ యాత్ర ఎంత తెలివితక్కువదో, దమాస్కస్ 1154లో ఆ వంశపు నూరుద్దీన్ చేతికి ఎందుకు పోయిందో అర్థం కాదు. ఈ పట్టికను చింపేయమనను గానీ, పక్కన మూడో గడి ఒకటి గీసుకుని ‘ఎవరితో ఎవరు కలిశారు’ అని రాసుకోండి. పది వరుసలు నింపేసరికి ఆ అధ్యాయం వేరే పుస్తకంలా కనబడుతుంది.

ఒప్పందాల పేజీలు (131 నుంచి 146) దానికి పూర్తి విరుద్ధం. ఇక్కడ షరతులు ఒక్కొక్కటిగా, గడువుతో సహా ఇచ్చారు. 1187 అక్టోబరు 2న జెరూసలేం లొంగిపోయినప్పుడు విడుదల సొమ్ము మగవాడికి 10 దీనార్లు, ఆడమనిషికి 5, పిల్లలకు ఇంకా తక్కువ, కట్టడానికి 40 రోజుల గడువు. కట్టలేని బీదలకోసం మొత్తంగా 30,000 మాట్లాడుకుని ఏడు వేలమందిని విడిపించారు. మిగిలినవాళ్లలో చాలామంది బానిసలయ్యారు. సలాహుద్దీన్ దయ గురించి మాత్రమే చెప్పే పుస్తకాలు ఈ ఆఖరి వాక్యం మింగేస్తాయి, ఈ నోట్సు మింగలేదు. 1192 సెప్టెంబరు యాఫా సంధి కూడా బాగా రాశారు: తూరు నుంచి యాఫా దాకా తీరం ఫ్రాంకులకు (అక్కడ స్థిరపడ్డ పశ్చిమ ఐరోపా క్రైస్తవులకు), అస్కలాన్ కోట గోడలు కూల్చేయాలి, జెరూసలేం ముస్లింల దగ్గరే, ఆయుధాలు లేని యాత్రికులకు దారి.

1229 ఒప్పందానికి నాలుగు పేజీలు కేటాయించారు, అన్నీ చదవదగ్గవే. జర్మనీ, సిసిలీలను ఏలిన చక్రవర్తి రెండో ఫ్రెడరిక్‌ను 1227లో పోప్ తొమ్మిదో గ్రెగరీ వెలివేశాడు. వెలిలో ఉండగానే అతను తూర్పుకు వెళ్లి, ఈజిప్టు సుల్తాన్ అల్ కామిల్‌తో పదేళ్ల సంధి కుదుర్చుకుని, ఒక్క యుద్ధం లేకుండా జెరూసలేం, బెత్లెహేము, నజరేతు తీసుకున్నాడు. అల్ అక్సా మసీదు, డోమ్ ఆఫ్ ది రాక్ ఉన్న ఆవరణ ముస్లింల చేతుల్లోనే ఉండాలి, అక్కడ వాళ్ల నమాజు సాగాలి. ఈ ఒప్పందం మీద రెండువైపులా మండిపడ్డారు. దమాస్కస్‌లో సుల్తాన్‌ను తిట్టారు. జెరూసలేం పాట్రియార్కు (అక్కడి చర్చి పెద్ద) చక్రవర్తి అడుగుపెట్టిన పాపానికి ఆ పుణ్యనగరంలోనే ఆరాధనలు ఆపేయమన్నాడు. సుల్తాన్‌కు సొంత సోదరుల కుటుంబంతో దమాస్కస్ గొడవ, చక్రవర్తికి ఇటలీలో పోప్ సైన్యంతో గొడవ, ఇద్దరికీ తొందరే. ఆ తొందరలోంచి పుట్టిన సంధి ఇది. నోట్సు దీన్ని ‘మత సామరస్యం’ అని పొగడకుండా లెక్కల ప్రకారం చెప్పింది, మెచ్చుకోవాలి.

పన్నుల అధ్యాయంలో ఒక పెద్ద పొరపాటు, ఒక పెద్ద మేలు ఉన్నాయి. పొరపాటు 41వ పేజీలో: జిజియా అంటే ‘పంటలో భాగం’ అని రాశారు. కాదు. జిజియా తలపన్ను, ముస్లిమేతర మగవాళ్ల మీద, మనిషికి ఇంత అని. పంట మీదా భూమి మీదా వేసేది ఖరాజు. భూమి యజమాని ముస్లిం అయినంత మాత్రాన ఖరాజు పోదు, జిజియా పోతుంది. ఈ రెండూ కలిపేస్తే ‘పన్ను తప్పించుకోవడానికి మతం మారారు’ అన్న వాదన ఎంతవరకు నిలుస్తుందో తూచడమే కుదరదు.

మేలు ఏమిటంటే, రేట్లు సరిగ్గా ఇచ్చారు. ఖాజీ అబూ యూసుఫ్ ఖలీఫా హారూన్ అల్ రషీద్ కోసం రాసిన పన్నుల గ్రంథం ప్రకారం ఏడాదికి కలిగినవాడికి 48 దిర్హాములు, మధ్యస్తుడికి 24, చేతిపని చేసుకునేవాడికి 12. ఆడవాళ్లకు, పిల్లలకు, ఏమీ లేని బీదలకు, పని చేయలేని వికలాంగులకు మినహాయింపు. ఈ అంకెలు పిల్లలకు గాలిలో తేలకుండా ఉండాలంటే తూకంలోకి మార్చండి. ప్రామాణిక దిర్హాము 2.97 గ్రాముల వెండి. నాలుగు దిర్హాములు కలిస్తే సుమారు ఒక తులం. అంటే చేతిపనివాడికి ఏడాదికి మూడు తులాల వెండి, మధ్యస్తుడికి ఆరు, ధనికుడికి పన్నెండు. దీనారు 4.25 గ్రాముల బంగారం, మన కాసులో సగానికి పైన కాస్త. ఈ లెక్క బల్ల మీద ఒకసారి వేసి చూపిస్తే, జెరూసలేంలో మనిషికి 10 దీనార్లంటే ఐదు కాసుల పైచిలుకు బంగారమని, కూలివాడు ఎందుకు కట్టలేకపోయాడో అడగకుండానే అర్థమవుతుంది.

అదే అధ్యాయంలో ఖలీఫా ఉమర్ పేరుతో ఉన్న ‘ఉమర్ ఒడంబడిక’ను 637 నాటి అసలు పత్రంలా పెట్టారు. కొత్త చర్చీలు కట్టకూడదు, గంటలు గట్టిగా మోగించకూడదు, గుర్రానికి జీను వేసి ఎక్కకూడదు, వేషంలో తేడా ఉండాలి అనే ఆ షరతుల పాఠం మనకు దొరికేది ఆ తర్వాతి శతాబ్దాల గ్రంథాల్లో. అంతా మొదటి రోజుల నాటిదని తీసుకోలేం. ఉన్న షరతులు కూడా ఒక్కో పాలకుడి కింద ఒక్కో తీరుగా నడిచాయి. ఖలీఫా అల్ ముతవక్కిల్ 850లో క్రైస్తవులు, యూదులు తేనెరంగు బట్టలు వేయాలని ఆజ్ఞ ఇచ్చాడు. అదే ఖలీఫా ఆస్థానంలో పెద్ద వైద్యుడు హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్, తూర్పు చర్చి క్రైస్తవుడు. కైరోలో 1301లో క్రైస్తవులకు నీలం తలపాగా, యూదులకు పసుపు తలపాగా అన్న రూలు గట్టిగా అమలైంది. నోట్సు ఇక్కడ ఆగిపోయింది. పోప్ రోమ్‌లో పిలిచిన 1215 నాలుగో లాటెరన్ సభ కూడా క్రైస్తవ దేశాల్లో ఉండే యూదులు, ముస్లింలు బట్టల్లో వేరుగా కనబడాలని చట్టం చేసింది. ఇది పక్కనే రాసుకోవాలి, లేకపోతే బట్టల రూలు ఒక మతానికే పుట్టిన బుద్ధి అనుకుంటారు.

నోట్సులో అన్నిటికంటే బాగున్న పేజీ 152. గ్రనడా నుంచి హజ్‌కు బయల్దేరిన ఇబ్న్ జుబైర్ 1184 సెప్టెంబరులో ఫ్రాంకుల ఏలుబడిలో ఉన్న అక్కా రేవుకు చేరాడు. అక్కడి సుంకపు కచేరీ ముందు తివాచీలు పరిచిన రాతి అరుగులు, వాటిమీద క్రైస్తవ గుమాస్తాలు, వాళ్ల ముందు బంగారు నగిషీ చేసిన నల్లచేవ సిరాబుడ్లు. ఆ గుమాస్తాలు అరబీలోనే రాస్తున్నారు, అరబీలోనే మాట్లాడుతున్నారు. దారిలో తిబ్నీన్ దగ్గరి ముస్లిం రైతులు ఫ్రాంకు దొరలకు పంటలో సగం, తలకు ఒక దీనారు ఐదు కిరాతులు, పళ్లచెట్ల మీద చిన్న పన్ను కట్టి, ఇళ్లూ సొత్తూ తమ చేతుల్లోనే ఉంచుకున్నారని కూడా రాశాడు. దీనారుకు 24 కిరాతులు. తమ మతం దొరల కింద ఉన్న రైతులకంటే వీళ్లు సుఖంగా ఉన్నారే అని ఆయన బాధ.

ఇంత బాగా ఎత్తి రాసిన నోట్సు ఒక పని మాత్రం చేయకుండా ఉండాల్సింది. ఇబ్న్ జుబైర్ అదే అక్కాను శిలువలూ పందులూ కంపూ నిండిన ఊరని ఈసడించుకున్నాడు, దేవుడు దాన్ని ముస్లింలకు తిరిగి ఇవ్వాలని కోరుకున్నాడు. ఆ వాక్యాలన్నీ తీసేసి మెచ్చుకోళ్లు మాత్రమే ఉంచారు. ఈసడింపు, మెచ్చుకోలు ఒకే మనిషి కలంలోంచి ఒకే వారంలో వచ్చాయి. ఆ రెండూ కలిపి చదివితేనే ఆ మనిషి నిజంగా చూసింది రాశాడని నమ్మకం కలుగుతుంది.

అలాంటిదే 155వ పేజీలో ఉసామా ఇబ్న్ మున్‌ఖిజ్ కథ. షైజర్ అమీరుల ఇంటివాడు, 1095లో పుట్టి 1188లో పోయాడు. అల్ అక్సా పక్కన చిన్న మసీదును టెంప్లర్లు (క్రైస్తవ సన్యాసి యోధులు) చర్చి చేసుకున్నారు, ఆయన వెళ్తే నమాజుకు చోటు ఖాళీ చేసి ఇచ్చేవారు. ఒకరోజు కొత్తగా దిగిన ఫ్రాంకు ఒకడు నమాజులో ఉన్న ఆయన్ని పట్టుకుని ముఖం ఇంకోవైపు తిప్పాడు. టెంప్లర్లు వాణ్ని లాక్కుపోయి, “వీడు ఇప్పుడే దేశంనుంచి వచ్చాడు” అని క్షమాపణ చెప్పారు. నోట్సు ‘ఇంకోవైపు’ అని రాసి ఊరుకుంది. కథ అంతా ఆ దిక్కులోనే ఉంది. జెరూసలేం నుంచి మక్కా దక్షిణం వైపు. ఆ కాలపు క్రైస్తవుడు ప్రార్థన చేసేది తూర్పుకు తిరిగి. వాడు ఉసామాను తూర్పుకు తిప్పాడు, ఇలా చేయాలి ప్రార్థన అని. పేజీ మార్జిన్‌లో చిన్న దిక్కుల గుర్తు గీసుకుంటే చాలు. ఇంకొకటి, ఉసామా ఇవన్నీ చెప్పింది దాదాపు తొంభై ఏళ్ల వయసులో, వినోదంగా సాగే కథల ధోరణిలో. ప్రతి కథా జరిగింది జరిగినట్టే అని తీసుకోకూడదు.

సిసిలీ అధ్యాయం చిన్నదే, బొమ్మల వల్ల దెబ్బతింది. సిసిలీ క్రైస్తవ రాజు రెండో రోజర్ ఎర్రపట్టు అంగరఖా ఫొటో వేసి ‘1130 పట్టాభిషేకంలో ధరించినది’ అన్నారు. దాని అంచున అరబీ కూఫీ లిపిలో హిజ్రీ 528లో పలెర్మోలో తయారు చేసినట్టు ఉంది. పై సూత్రం వేయండి: 1134 వస్తుంది. అంటే పట్టాభిషేకం అయిన మూడు నాలుగేళ్లకు తయారైంది. ‘పట్టాభిషేక అంగరఖా’ అన్న పేరు తర్వాతి చక్రవర్తులు దాన్ని వాడటం వల్ల వచ్చింది. ఖర్జూర చెట్టుకు అటూ ఇటూ ఒంటె మీద దూకిన సింహాలు ఈ జిరాక్సులో నల్లమచ్చల్లా ఉన్నాయి, ఫోన్‌లో చూసుకోవడం మేలు.

ఇద్రీసీ పటం సంగతి మరీ అన్యాయం. 1154లో రోజర్ కోసం ముస్లిం భూగోళవేత్త అల్ ఇద్రీసీ గీసిన ప్రపంచ పటంలో దక్షిణం పైన ఉంటుంది, అప్పటి అరబీ పటాల్లో అది మామూలే. షాపులో ఎవరో ‘తిరగబడిందే’ అనుకుని తలకిందులు చేసి ప్రింటు తీశారు. ఇప్పుడు ఐరోపా పైకి వచ్చింది, అక్షరాలన్నీ శీర్షాసనం వేశాయి. పేజీని తిప్పి పట్టుకుని చదవండి, అదే సరైన పద్ధతి. బదులుగా పలెర్మోలోని 1149 నాటి సమాధి పలక గురించి రాసిన రెండు పేరాలు మాత్రం చాలా బాగున్నాయి. ఒక పూజారి తన తల్లి అన్నా కోసం వేయించిన ఆ పలక మీద లాటిన్, గ్రీకు, అరబీ, హీబ్రూ లిపిలో అరబీ, నాలుగూ ఉన్నాయి.

వర్తకం అధ్యాయం చదివితే చాలు, డబ్బు కొంత గిట్టినట్టే. 1179 మూడో లాటెరన్ సభ ముస్లింలకు ఆయుధాలు, ఇనుము, ఓడల కలప అమ్మిన క్రైస్తవులను వెలివేస్తామంది. అయినా అమ్మకం ఆగలేదు. ఎందుకు ఆగలేదో ఇక్కడ చక్కగా విడమరిచారు: ఈజిప్టులో కలపా ఇనుమూ కొరత, ఇటలీ రేవులకు మిరియాలు కావాలి, మిరియాలు వచ్చే దారి అలెగ్జాండ్రియా గుండా. 1291లో అక్కా పడిపోయాక పోప్ వ్యాపారమంతా నిషేధించాడు, 1344లో వెనిస్‌కు అనుమతి ఇవ్వక తప్పలేదు. అలెగ్జాండ్రియాలో ఐరోపా వర్తకుల ఫందుఖు అంటే కింద గోదాములు, పైన గదులు ఉన్న సత్రం. లోపల వాళ్ల చర్చి, వాళ్ల వైన్ అన్నీ ఉండొచ్చు. రాత్రిళ్లు, శుక్రవారం నమాజు వేళ బయటనుంచి తాళం పడేది.

నాణేల కథ ఇదే అధ్యాయంలో, 171వ పేజీలో. క్రూసేడు రాజ్యాలు ముస్లిం దీనార్లను, దిర్హాములను అచ్చుగుద్దినట్టు కొట్టించేవి, ఇస్లాం విశ్వాస వాక్యంతో సహా. కారణం భక్తి కాదు, బజారు. ఆ అక్షరాలు లేకపోతే అలెప్పోలో ఆ నాణెం ఎవరూ తీసుకోరు. 1250 ప్రాంతంలో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ వెంట వచ్చిన పోప్ ప్రతినిధి ఓడో ఇది చూసి నిర్ఘాంతపోయాడు. దాంతో 1251 నుంచి అక్కా టంకశాల కొత్త నాణేలు కొట్టింది. అరబీ లిపి అలాగే ఉంది, మాటలు మారాయి: తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ఒకే దేవుడు. మధ్యలో చిన్న శిలువ. నోట్సులో రెండు నాణేల బొమ్మలూ పక్కపక్కన వేశారు. మొత్తం 212 పేజీల్లో సరిగ్గా కనబడే బొమ్మలు ఈ రెండే.

అనువాదాల అధ్యాయం సగం సగం. హునైన్ ఒకే గ్రంథం చేతిరాత ప్రతులు ఎన్ని దొరికితే అన్ని తెచ్చి పోల్చి, సరైన పాఠం తేల్చుకున్నాకే అనువాదం మొదలుపెట్టేవాడని, గ్రీకు వైద్యుడు గాలెన్ గ్రంథాలు 129 పట్టిక వేశాడని రాశారు, మంచిది. స్పెయిన్‌లోని తొలెదో దగ్గర ఇద్దరు కూర్చుని చేసే పద్ధతి (అరబీ తెలిసిన యూదుడో స్థానిక క్రైస్తవుడో నోటితో వాడుక భాషలో చెబితే, మతగురువు లాటిన్‌లో రాసుకోవడం) ఒక్క వాక్యంలో తేల్చేశారు. అనువాదాల్లో తప్పులు ఎక్కడ దూరాయో తెలిసేది ఆ పద్ధతి వల్లే. చివరి పేర్ల పట్టికలో తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ ఒకచోట, అదే పేరుకు లాటిన్ రూపమైన అవెర్రోస్ ఇంకోచోట, ఇద్దరు వేర్వేరు మనుషుల్లా ఉన్నారు. ఒక్కరే.

లేనివాటిలో రెండు బాధ కలిగిస్తాయి. ఒకటి లూచేరా. ఫ్రెడరిక్ 1220ల నుంచి సిసిలీ ముస్లింలను దక్షిణ ఇటలీకి తరలించి పెట్టిన ఊరు అది, మసీదులతో, అతని సైన్యానికి విలుకాండ్రతో. 1300లో నేపుల్స్ రాజు రెండో చార్లెస్ ఆ ఊరిని తుడిచిపెట్టి జనాన్ని బానిసలుగా అమ్మించాడు. 1229 సంధి గురించి నాలుగు పేజీలు రాసినవాళ్లు ఇది వదిలేస్తే ఫ్రెడరిక్ బొమ్మ సగమే. రెండోది మన దేశం. 849లో కొల్లంలో తరిసాపల్లి చర్చికి వేణాడు పాలకుడు అయ్యన్ అడిగళ్ హక్కులు రాసిచ్చిన రాగి రేకుల మీద సాక్షుల సంతకాలు కూఫీ అరబీలో, పాత పారశీక లిపి పహ్లవీలో, హీబ్రూ లిపిలో ఉన్నాయి. క్రైస్తవ చర్చికి ఇచ్చిన దానానికి ముస్లిం వర్తకులు సాక్షులు, ఇచ్చినది హిందూ పాలకుడు. తెలుగు విద్యార్థికోసం రాసే నోట్సులో మొదటి పేజీలోనే ఉండాల్సింది.

బిట్ల జోలికి పెద్దగా పోనక్కర్లేదు. ‘క్రూసేడులు ఎన్ని’ అన్న ప్రశ్నకు 8 అని జవాబు ఇచ్చారు. కొన్ని పుస్తకాలు 9 అంటాయి, ఈ అంకెలు తర్వాతివాళ్లు పెట్టినవి. పరీక్షలో మీ సిలబస్ పుస్తకం ఎంతంటే అంతే రాయండి.

కాగితం 70 జీఎస్ఎం, వెనక పేజీ అక్షరాలు ముందుకు కనబడుతున్నాయి, హైలైటర్ వాడితే ఇంకిపోతుంది. స్పైరల్ మొదటి నాలుగు పేజీలను నెలలోపే చింపేస్తుంది, అందులో తేదీల పట్టిక లేకపోవడం అదృష్టం. కొనేముందు షాపులోనే 131 నుంచి 146 దాకా, 171, ఈ పేజీలు తిప్పి చూడండి. కొన్ని కాపీల్లో 140, 141 ఖాళీగా వచ్చాయి, 1229 సంధి అక్కడే ఉంది. విజయనగరంలో అమ్మే కాపీలు అదే మాస్టర్‌కు మళ్లీ తీసిన జిరాక్సులు, మ్యాపులు మరీ మసకగా ఉంటాయి, శ్రీకాకుళం నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించుకోవడం నయం. మ్యాపులు ఐదూ ఏ3లో విడిగా తీసి ఇమ్మంటే ఇస్తున్నారు, ఇద్రీసీ పటం తిప్పకుండా తీయమని ముందే చెప్పండి.